ఒక రోజు ముందొచ్చిన కొత్త సంవత్సరం

ప్రసాదరావు మా వారి పిన్ని కొడుకు, నాకు వరసకి మరిది. రాజమండ్రి ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీకి సెక్రటరీ. ఏడాదికోసారి నాకు ఫోన్ చేస్తాడు, అదీ నేను పత్రికల్లో యాత్రల గురించి రాస్తానని గుర్తొచ్చినప్పుడు. ఈసారి సెప్టెంబరు మొదటి వారంలో గుర్తొచ్చింది.

"వదినగారూ, మా కాలేజీలో ఇథియోపియా వాళ్ళు చదువుకుంటున్నారండి. వాళ్ళ కొత్త సంవత్సరం సెప్టెంబరు పదకొండున వస్తుందట. పాపం పరాయి దేశంలో ఉన్నామన్న బెంగ లేకుండా ఆ పండగ మనమే ఇక్కడ చేయించేస్తున్నాం. మీరొచ్చి చూసి నాలుగు ముక్కలు రాయాలి. గెస్ట్ హౌస్‌లో ఏసీ రూము ఉంచుతాను."

ఆ "చేయించేస్తున్నాం" దగ్గరే నాకు వెళ్ళాలనిపించింది. పండగ చేసుకోవడం ఎన్నోచోట్ల చూశాను. ఒకళ్ళ పండగని ఇంకొకళ్ళు చేయించడం ఎప్పుడూ చూడలేదు.

సోమవారం పొద్దున్న ఆరున్నరకి తునిలో రైలెక్కాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట చెప్తాను. తుని నుంచి రాజమండ్రికి రిజర్వేషన్ అక్కర్లేదు. అన్నవరం దాకా నిలబడగలిగితే చాలు, అక్కడ కొండకి వెళ్ళే జనం దిగిపోతారు. కిటికీ పక్కన చోటు దొరికితే సామర్లకోట దాటాక రెండు వైపులా ఊడ్పులు పూర్తయిన చేలు, కాలవల్లో ఎర్ర నీళ్ళు కనిపిస్తాయి. ఆ పచ్చదనం గురించి ఇప్పటికే చాలామంది అవసరానికి మించి రాసేశారు కాబట్టి నేను ఊరుకుంటాను.

అన్నవరంలో దిగినవాళ్ళ చోట్లోకి, ముందు రోజు వ్రతం చేసుకుని రాత్రి కొండ మీదే ఉండి వస్తున్న దంపతులు ఎక్కారు. ఆవిడ కూర్చుంటూనే ఆకు పొట్లం విప్పి నా చేతిలో ప్రసాదం పెట్టింది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"ఆఫ్రికా వాళ్ళకి పండగలు ఉంటాయాండి?" అంది.

"ఎందుకుండవే, వాళ్ళూ మనుషులే కదా" అన్నారు ఆయన, చాలా ఉదారంగా. తర్వాత నా వైపు తిరిగి, "మా వీధిలో నలుగురు అద్దెకున్నారండి. రెండేళ్ళయింది. ఒక్కరూ మాట్లాడరు" అన్నారు.

"మీరు మాట్లాడించారాండి?"

"ఎలాగండీ, భాష రాదు కదా."

"వాళ్ళకి ఇంగ్లీషు వచ్చండి. తమరేం చేస్తుంటారు?"

ఆయన కాస్త సర్దుకుని కూర్చుని, "హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తానండి" అన్నారు.

ద్వారపూడి దాకా ముగ్గురం కిటికీలోంచి చేలు చూసుకున్నాం.

ఎనిమిది దాటాక రాజమండ్రిలో దిగాను. స్టేషన్ ఎదురుగా ఒక పాకహోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. బాగుంది. ఈ ప్రయాణంలో మొదటి రోజు నిజాయితీగా ఉన్న వస్తువు అదొక్కటే కాబట్టి రాస్తున్నాను. వినాయక చవితి వారంలో ఉంది. రోడ్ల మీద అప్పుడే పందిళ్ళకి వాసాలు పాతుతున్నారు, కుర్రాళ్ళు ఆటోలకి అడ్డంపడి చందాలు అడుగుతున్నారు. కాలేజీ వ్యాను వచ్చి నన్ను ఎక్కించుకుంది.

గేటు దగ్గరే పెద్ద ఫ్లెక్సీ ఉంది. పైన కాలేజీ చైర్మన్ గారు, ఆయన పక్కన ముఖ్య అతిథి, వాళ్ళ కింద కాస్త చిన్నగా మా ప్రసాదరావు. ఒక మూల సింహం. ఇంకో మూల ఆ దేశపు జెండా, తలకిందులుగా. కింద ఇంగ్లీషులో నూతన సంవత్సర శుభాకాంక్షలు, 2024 అని అంకె. జనవరికి ఎటూ పనికొస్తుందని వేయించారేమో నాకు తెలీదు.

ఆడిటోరియంలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో తెల్లటి నూలు బట్ట కట్టుకుని ఒకావిడ ఉంది. అంచులకి రంగు దారాలతో కుట్టు, భుజాల మీద అదే రకం పల్చటి పైబట్ట. ముప్పై అయిదు దాటిన మనిషి. హీరుత్ అని పేరు చెప్పింది. వాళ్ళ దేశంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తుందిట. కాలవల మీద పరిశోధన చెయ్యడానికి వచ్చి ఇక్కడ నాలుగో ఏడు. హాస్టల్ మెస్సులో వంటవాళ్ళ దగ్గర తెలుగు నేర్చుకుంది. నాతో సగం ఇంగ్లీషు, సగం తెలుగు మాట్లాడింది, తెలుగైతే ప్రతి మాట చివరా "అండి".

"కొత్త సంవత్సరం శుభాకాంక్షలు" అన్నాను.

"రేపండి" అంది.

"ఏంటి రేపు?"

"కొత్త సంవత్సరం. మామూలుగా పదకొండేనండి. మాకు పన్నెండు నెలలు ముప్పయ్యేసి రోజులు, ఆఖర్న ఒక బుల్లి నెల ఉంటుంది, అయిదు రోజులు. నాలుగేళ్ళకోసారి దానికి ఆరో రోజు వస్తుంది. ఈసారి వచ్చింది. కాబట్టి ఇవాళ మాకు ఏడాదిలో ఆఖరి రోజండి."

"మరి ప్రసాదరావుకి చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పాను. సార్ ఫోన్ తీసి గూగుల్ చూపించారు."

మొన్ననే అధిక శ్రావణం దాటుకుని వచ్చినవాళ్ళం మనం. నెలకి నెలే ఎక్కువొస్తే వరలక్ష్మీ వ్రతాన్ని వెనక్కి జరుపుకున్నాం, ఎవరూ గూగుల్ చూసి ముందే చేసెయ్యలేదు. ప్రసాదరావు వేదిక మీద మైకు సరిచేయిస్తుంటే వెళ్ళి అడిగాను.

"ముఖ్య అతిథిగారికి రేపు కుదరదండి వదినగారూ. ఒక రోజు ముందైతే ఏం పోయింది" అన్నాడు.

"మన ఉగాదిని అమెరికాలో ఎవరైనా ఒక రోజు ముందు చేసేస్తే?"

"అక్కడ శని, ఆదివారాల్లోనే చేస్తారు కదండీ" అన్నాడు. ఆ ఒక్క మాటలో అతనిదే పైచెయ్యని ఒప్పుకుంటాను. కాకపోతే అమెరికాలో ఆ రోజు మార్చుకునేది మనమే, వాళ్ళు మార్చి మన నెత్తిన పెట్టరు. ఇది నాకు అరగంట తర్వాత తట్టింది.

పదింటికన్న సభ ముఖ్య అతిథి వచ్చాక పన్నెండు కావస్తుండగా మొదలైంది. ముందు ప్రార్థన, తర్వాత జ్యోతి ప్రజ్వలన. ఆ పైన సాంస్కృతిక కార్యక్రమం అన్నారు. రెండో ఏడాది ఆడపిల్లలు నడుములకి ఆకుపచ్చ రిబ్బన్లు కట్టుకుని, బుగ్గల మీద తెల్లచుక్కలు పెట్టుకుని, తలకి ఈకలు చుట్టుకుని వచ్చి డప్పుల చప్పుడుకి ఎగిరారు.

హీరుత్ కొంతసేపు చూసి, "వీళ్ళు ఎవరండి?" అని అడిగింది.

"మీరేనట."

ఆవిడ ఇంకాసేపు చూసింది. "మా ఊరు కొండ మీదండి. చలి. స్వెట్టర్లు వేసుకుంటాం" అంది.

ముఖ్య అతిథి ఉపన్యాసం మొత్తం నేను రాసుకోలేదు, ఒక్క వాక్యం మాత్రం వదులుకోలేకపోయాను. "వారి క్యాలెండర్ మనకంటే ఏడేళ్ళు వెనకబడి ఉందని తెలిసి బాధ కలిగింది. అయినా నిరుత్సాహపడకుండా కష్టపడి చదివితే వారు కూడా మనల్ని అందుకోవచ్చు." చప్పట్లు కొట్టారు. అధ్యాపకులు కూడా కొట్టారు. శాలివాహన శకం ప్రకారం ఆయన ఇంకా పంతొమ్మిది వందల నలభై అయిదులో ఉన్నారని ఆయనకి ఎవరైనా చెప్తే ఎంత బాధ కలిగేదో.

తర్వాత ప్రసాదరావు మైకు అందుకున్నాడు. ఇథియోపియా నుంచి హీరుత్ మేడమ్ గారి చిన్నారి కూతురు ఇప్పుడు ఈ తెర మీద మనందరి కోసం పండగ పాట పాడుతుందని ప్రకటించాడు. వైర్లు పట్టుకుని ఒకతను ఆవిడ ఫోన్ కోసం చెయ్యి చాపాడు. హీరుత్ ఫోన్ ఇవ్వలేదు. దాన్ని చేతిలోనే పట్టుకుని వేదిక ఎక్కి మైకు ముందు నిలబడింది.

"అందరికీ నమస్కారమండి. మీరు చాలా ఖర్చు పెట్టారు, చాలా పని చేశారు, థాంక్సండి. కానీ మా కొత్త సంవత్సరం రేపండి. రేపు పొద్దున్న మా ఊళ్ళో ఆడపిల్లలు పసుపు పూలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పాడతారు. మా పాప మెరోన్ కూడా వెళ్తుంది. తొమ్మిదేళ్ళండి దానికి. నాలుగేళ్ళుగా నేను ఫోన్లోనే చూస్తున్నాను. ఇవాళ మీ కోసం పాడమంటే పాడేస్తుంది, అదేమీ అనదు. కానీ నేను అడగనండి. రేపటిది రేపే."

ప్రసాదరావు నవ్వుతూ మైకు లాక్కున్నాడు. "చిన్న కన్ఫ్యూజను. మేడమ్ గారు మన దేశంలో ఉండి ఉండి వాళ్ళ తేదీలు మర్చిపోయారు" అన్నాడు. హాలు ఘొల్లుమంది. "మర్చిపోలేదండి" అని ఆవిడ అనడం ముందు వరసకి మాత్రం వినిపించింది. ముఖ్య అతిథి కేకు కోశారు. కేకు మీద కూడా 2024 ఉంది. హీరుత్ వాళ్ళకి మర్నాడు మొదలయ్యేది 2016.

భోజనాలయ్యాక ప్రసాదరావు నన్ను తన గదికి పిలిచాడు. మొహం ఎర్రగా ఉంది.

"చూశారా వదినగారూ, పెద్దమనిషి ముందు ఎంత పని చేసిందో. ఫీజులో రాయితీ ఇచ్చాం, వాళ్ళ వంటకి హాస్టల్ కిచెన్ ఇచ్చాం. వచ్చే నెల ఆవిడ వీసా కాగితాలు నా బల్ల మీదకే వస్తాయి. అప్పుడు చూస్తాను."

"ఏం చూస్తావు?"

వెంటనే హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేశాడు. రేపు కిచెన్ ఎవరికీ ఇవ్వద్దన్నాడు. బయటివాళ్ళని లోపలికి రానివ్వద్దన్నాడు. హీరుత్ గదిలో పులిసిన పిండి వాసన వస్తోందని కంప్లైంట్ ఉంది, అదీ తీయించెయ్యమన్నాడు.

ఏసీ రూము వద్దని గెస్ట్ హౌస్‌లో చెప్పి నా సంచి తీసుకుని హాస్టల్‌కి నడిచాను.

హీరుత్ గది ముందు మూతపెట్టిన బక్కెట్టు ఉంది. అందులో వాళ్ళ దేశపు టెఫ్ అనే సన్న గింజల పిండి, మన బియ్యప్పిండితో కలిపి పులవబెట్టింది. ఆ గింజలు ఆవిడ స్నేహితురాలు వాళ్ళ ఊరి నుంచి పెట్టెలో మోసుకొచ్చిందిట, పండగకని హీరుత్ ఆరు నెలలు దాచింది. వార్డెన్ దాన్ని ఒలకబొయ్యమని నిలబడింది. కాకినాడ నుంచి, సూరంపాలెం వైపు నుంచి అయిదుగురు వాళ్ళ దేశం వాళ్ళు మర్నాడు ఇక్కడికే వస్తున్నారు.

"వాళ్ళని రావద్దని చెప్తానండి. పర్లేదు" అంది హీరుత్.

"ధవళేశ్వరంలో మా అమ్మ వైపు పిన్ని ఉంది. బక్కెట్టు పట్టుకో" అన్నాను.

కోటిపల్లి బస్టాండు దగ్గర ధవళేశ్వరం షేర్ ఆటోలు నిమిషానికొకటి ఉంటాయి. వెనక ముగ్గురు కూర్చునే చోట అయిదుగురు కూర్చున్నాం, బక్కెట్టు మా ఇద్దరి మోకాళ్ళ మీద. సాయంత్రం వాన మొదలైంది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన బక్కెట్టు వైపు అనుమానంగా చూసి, "ఏంటండీ అది?" అన్నాడు.

"అట్ల పిండండి" అంది హీరుత్.

ఆయన మొహం విప్పారింది. "పెసరా, మినపా?"

"మా ఊరిదండి."

"ఏ ఊరైనా అట్టు అట్టే కదమ్మా" అని మూత జారిపోకుండా తనూ ఒక చెయ్యేశాడు. బ్యారేజీ దగ్గర గోదావరి ఇంకా ఎర్రగా, తలుపుల కింద నుంచి రొదపెడుతూ పోతోంది. హీరుత్ అదేపనిగా అటే చూసింది. ఏ తలుపులోంచి ఎంత నీళ్ళు పోతాయో తనకి తెలుసుట.

మా మహాలక్ష్మి పిన్ని కోమట్లింటి ఆడది. నేనూ అదే. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసిన భర్త పోయాక వెనక వాటాలు అద్దెకిచ్చుకుని, చుట్టూ నలుగురినీ తిట్టుకుంటూ దర్జాగా ఉంటుంది. కథంతా విని ప్రసాదరావుని తిట్టింది, ముఖ్య అతిథిని తిట్టింది, గూగుల్ ఎవరో తెలియకపోయినా అతన్ని కూడా తిట్టింది. తర్వాత హీరుత్‌ని అడిగింది.

"రేపు ఏం వండుతావమ్మా?"

"కోడికూరండి. గుడ్లు కూడా వేస్తాం."

పిన్ని మొహం మారింది. "అమ్మా, నా ఇంట్లో కోడి కుదరదు. మిగతాది ఏదైనా చేసుకో."

నేను వెంటనే సర్దబోయాను. "ఆటోలో చెప్పావు కదా, ఉపవాసాలప్పుడు మీరు శనగపిండితో కూర చేస్తారని? అది చేసుకుందాం. అందరూ తినచ్చు" అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాను.

హీరుత్ లేచి నిలబడింది. కోపం లేదు, మర్యాదగానే ఉంది. "ఉపవాసం నాడు తినేది పండగ నాడు ఎలా తింటామండి? కాలేజీలో సార్ రోజు మార్చమన్నారు, మార్చుకోలేదు. మీరు కూర మార్చమంటున్నారు. అదీ మార్చుకోను. మీ ఇల్లు మీ ఇష్టమండి, తప్పు లేదు. నేను రూముకి వెళ్ళిపోయి కాఫీ ఒక్కటీ పెట్టుకుంటాను."

పొద్దుట్నుంచీ ప్రసాదరావుని చూసి మూతి విరుస్తున్న దాన్ని. అతను ఆవిడ పండగకి రోజు నిర్ణయిస్తే నేను వంట నిర్ణయిస్తున్నాను. తేడా ఏమైనా ఉంటే నా దగ్గర ఫ్లెక్సీ లేకపోవడమే.

పిన్ని చాలాసేపు బక్కెట్టు వైపు చూసింది. చివరికి కూర్చున్న చోటు నుంచే వెనక వాటా వైపు కేకేసింది. "నాగమణీ, రేపు నీ పొయ్యి ఖాళీయేనా?"

నాగమణి వెనక వాటాలో అద్దెకుంటుంది, భర్త సత్తిబాబు ఆటో నడుపుతాడు. చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎందుకండి?"

"ఈ అమ్మాయి పండగ. కోడి వండుకుంటుంది. నీ వాటాలో నువ్వేం వండుకున్నా ఎప్పుడైనా అడిగానా నేను?"

"వారం వారం తిడతారు కదండీ."

"తిట్టడం వేరు, అడగడం వేరు" అంది పిన్ని.

మంగళవారం పొద్దున్నే సత్తిబాబు ఆటోలో కడియపులంక వెళ్ళాం. కాలవ గట్టునే దారి, వేమగిరి మీదుగా. తొందరలేనివాళ్ళు ఆ రోడ్డు మీద పొద్దున్నపూట వెళ్ళండి, రెండు వైపులా నర్సరీలే. హీరుత్‌కి కావలసింది సన్న రేకుల పసుపు పువ్వు, వాళ్ళ దేశంలో వానలు వెనకబట్టాక కొండల నిండా పూస్తుందిట. మొదటి నర్సరీలో బంతి చూపించారు, రెండో చోట చామంతి. మూడో చోట ఆవిడ ఫోన్లో బొమ్మ చూపిస్తే, ఆయన పెదవి విరిచి చెరువు గట్టు వైపు తీసుకెళ్ళాడు.

"ఇదాండి? ఇది పూజకి పనికిరాదండి. రోడ్ల పక్కన వెయ్యడానికి తీసుకెళ్తారు."

అచ్చం అదే కాదుట గాని చెల్లెలి వరస అంది హీరుత్. రెండు చేతులా కోసుకుంది. వచ్చేటప్పుడు రోడ్డు పక్క ఒకామె చవితికి గరిక కట్టలు అమ్ముతుంటే అవీ కొంది. వాళ్ళు కాఫీ పెట్టేచోట నేల మీద పచ్చగడ్డి పరుస్తారు.

తొమ్మిదిన్నరకి ఫోన్ రావాలి. హీరుత్ వాళ్ళమ్మ ఒంటిగంటకి చేస్తానందిట. నేను కంగారుపడితే హీరుత్ నవ్వింది. వాళ్ళు గంటలు పొద్దు పొడిచినప్పట్నుంచి లెక్కపెడతారు, అక్కడ పొద్దున్న ఏడైతే ఒంటిగంట. "అదే సరైన లెక్క. అర్ధరాత్రి నిద్రలో రోజు మొదలవడమేంటి?" అంది పిన్ని.

ఫోన్ మోగింది. హీరుత్ వరండా గోడకి చెంబు ఆనించి ఫోన్ దానికి నిలబెట్టింది. తెర మీద బురద సందు, రేకుల గేట్లు, వాన తడి. తెల్లబట్టలు కట్టుకున్న ఆరుగురు ఆడపిల్లలు చేతుల్లో పసుపు పూల గుత్తులతో ఒక గేటు వైపు తిరిగి నిలబడ్డారు. ఒక పిల్ల ముందు పలికితే మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూ అందుకుంటున్నారు. ఆ ముందు పలుకుతున్న పిల్లే మెరోన్. గేటు తెరిచి ఒక ముసలావిడ రొట్టెముక్కలు పెట్టింది. పిల్లలు పరిగెత్తి పక్క గేటుకి వెళ్ళారు. మెరోన్ మధ్యలో ఆగి ఫోన్ దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. హీరుత్ కోసుకొచ్చిన పూలు ఎత్తి చూపించింది. పిల్ల వాటిని దగ్గరగా చూసి, తల అడ్డంగా ఊపి, నవ్వి, పరిగెత్తిపోయింది.

"ఏమందమ్మా?" అంది నాగమణి.

"అవి మన పూలు కావు, అయినా బానే ఉన్నాయంది."

చెప్తూనే ఆవిడ కింద కూర్చుండిపోయింది. మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది. పిన్ని లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, అటు తిరిగి కూర్చుంది. తెర మీద ఇంకా సందు కనిపిస్తోంది, పాట దూరమవుతోంది.

పదకొండింటికల్లా కాకినాడ, సూరంపాలెం వైపు వాళ్ళు అయిదుగురూ వచ్చారు. వాళ్ళలో డావిట్ అనే పొడుగాటి కుర్రవాడు గుమ్మంలో అడుగుపెట్టి, గరిక పరిచి ఉన్న వరండా చూసి, చెప్పులు విప్పి ఆ గడ్డి మీద కాసేపు ఊరికే నిలబడ్డాడు. నాగమణి పొయ్యి మీద ఉల్లిపాయలు నూనె లేకుండా గంటసేపు వేగాయి, తర్వాత ఎర్రటి కారం, తర్వాత కోడి. నాగమణికి ఆ కారం పేరు పలకడం రాలేదు గాని ఒక డబ్బాడు తన దగ్గర ఉంచుకుంది. పెనం మీద ఒక్కొక్కటీ ఇంతింత అట్లు, చిల్లులు పడి, పుల్లటి వాసనతో. ఒకే పళ్ళెంలో అందరూ చేతులు పెట్టి తిన్నారు, పెద్దవాళ్ళకి ముద్ద చేసి నోట్లో పెట్టారు. నాకు విడిగా శనగపిండి కూర చేసింది హీరుత్. "ఇది మీ ఉపవాసానికండి" అంది. నవ్వుతూనే అంది, నేను నోరు మూసుకుని తిన్నాను.

కాఫీకి పిన్ని కూడా గరిక మీదకి వచ్చింది. అరకు పచ్చి గింజలు కళ్ళెదుటే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి చిన్న గిన్నెల్లో పోశారు. పక్కన మొక్కజొన్న పేలాలు. మూడుసార్లు పొయ్యాలి, మూడోది తాగకుండా లేవకూడదు.

"పాలేవి?" అంది పిన్ని.

"ఉండవండి."

"పాలు లేకుండా కాఫీ ఎందుకు" అంటూనే మూడూ తాగింది. నాలుగోది ఉందా అని అడిగింది.

మూడున్నరకి బయల్దేరాను. హీరుత్ కాగితంలో చుట్టి రెండు అట్లు నా సంచిలో పెట్టింది. స్టేషన్‌లో సాయంత్రం రైలు కోసం కూర్చుని ఆ రోజు పేపరు కొన్నాను. జిల్లా పేజీలో "ఘనంగా ఇథియోపియా నూతన సంవత్సర వేడుకలు" అని ఉంది. ఫొటోలో చైర్మన్ గారు, ముఖ్య అతిథి, ప్రసాదరావు, కేకు. ఇథియోపియా వాళ్ళు ఒక్కరూ లేరు. తెల్లబట్ట అంచు ఒకటి మాత్రం ఎడమ పక్కన కనిపిస్తోంది, మిగతాది కత్తిరించేశారు.

ఫోన్ మోగింది. ప్రసాదరావే.

"వదినగారూ, చెప్పకుండా వెళ్ళిపోయారు. పోన్లెండి. వ్యాసంతోపాటు వెయ్యడానికి ఫొటోలు పంపమంటారా?"

"పంపు. రెండు రోజుల గురించీ రాస్తున్నాను."

"రెండో రోజు ఏముందండీ?"

"పండగ." ఆగి అడిగాను. "హీరుత్ కాగితాల సంగతేంటి?"

"చూస్తామండి" అన్నాడు.

"అయితే నేనూ అది చూశాకే రాస్తాను" అని పెట్టేశాను.

బెదిరింపులా ఉందంటే ఉంది. మర్యాదలన్నీ వేదిక మీద ఖర్చుపెట్టేసేవాళ్ళతో అంతకంటే వేరే భాష నాకు చేతకాదు. ఇది అచ్చుకి పంపేనాటికి సంతకం అయింది. ఇంకో ఏడాది ఉండచ్చని హీరుత్ కబురు పెట్టింది. అందుకే కాలేజీ పేరు ఇక్కడ లేదు, ప్రసాదరావు పేరు కూడా అసలుది కాదు.

రైల్లో మనస్తిమితంగా ఆలోచించుకున్నాను. దూరదేశం వాళ్ళని ఆదరిస్తామని మనం చెప్పుకుంటాం, ఆదరిస్తాం కూడా. శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం, కడుపు నిండా పెడతాం. నువ్వెవరని అడగడానికి మాత్రం మనకి తీరిక ఉండదు. అమెరికా నుంచి సెలవుకి వచ్చిన మన పిల్లలు అక్కడెక్కడో హాలు అద్దెకి తీసుకుని, పులిహోర డబ్బాలు మోసుకెళ్ళి పండగ చేసుకున్నామని చెప్తే నలుగురికీ చెప్పుకుని మురిసిపోతాం. అదే పని ఒక మనిషి మన ఊళ్ళో బక్కెట్టు మోసుకుంటూ చేస్తే వాసనేస్తోందని కంప్లైంట్ ఇస్తాం.

అనపర్తిలో ఎక్కిన రైతు ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. నడివయసు మనిషి, ధాన్యం పని మీద పిఠాపురం వెళ్తున్నాడు. కాసేపటికి ముక్కు ఎగపీల్చి, "ఏదో పుల్లటి వాసనొస్తోందండి" అన్నాడు. పొట్లం విప్పి ఒక అట్టు చింపి ఇచ్చాను. ముందు అటూ ఇటూ తిప్పి చూసి, తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

"బావుందండి. ఎవరిది ఇది?"

చెప్పాను. ఆ దేశం ఎక్కడుందో, ఆవిడ ఎవరో, పండగంటే ఏంటో. ఇంకో ముక్క చింపుకుంటూ అంతా విన్నాడు.

"అయితే వాళ్ళకి కొత్త సంవత్సరం ఎప్పుడండి?" అని అడిగాడు.

"ఇవాళేనండి" అన్నాను.